బెల్టు మేస్త్రి

కలిగిరి బస్టాండులో బస్సు ఆగి ఉంది. నా ముందు సీట్లో ఇద్దరు పెద్దమనుషులు వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ లోకాభిరామాయణం మాట్లాడుకుంటున్నారు. పొగాకు రేటు అయింది, పడని వాన అయింది, ఎవరి ఇంట్లోనో అన్నదమ్ముల తగువు అయింది. మధ్యలో ఒకాయన అన్నాడు.

"ఆత్మకూరు బెల్టు మేస్త్రి పోయినాడంట, నిన్న పొద్దన."

"యా బెల్టు మేస్త్రి?"

"అదేబ్బా, కార్ల షెడ్డాయన. మన పక్కోళ్ళంతా బెల్టు మేస్త్రి అంటారు గదా."

"తాగి తాగి పోయుంటాడు లే. బెల్టు షాపు పెట్టినోళ్ళంతా కడాకి ఆ మందుకే పోతారు."

తొక్కలు కిటికీలోంచి బయట పోశారు. మాట మళ్ళీ వాన మీదికి పోయింది.

ఆ మనిషి జీవితంలో ఒక్క చుక్క ముట్టలేదు. బెల్టు షాపు పెట్టడం కాదు గదా, అది ఉన్న సందులోంచి కూడా నడిచేవాడు కాదు. ఆ మాట చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేనే సీట్లో ముడుచుకుని కూర్చున్నాను. ఎందుకంటే ఆయనకి ఆ పేరు పెట్టింది నేను.

కావలిలో స్కూలు పని ఉండి బయల్దేరినదాన్ని, కండక్టరు విజిల్ వెయ్యకముందే దిగిపోయాను. ఆత్మకూరు పోయే బస్సు ఎప్పుడని అడిగితే అరగంట అన్నారు. ఆ అరగంటలో ఆయన్ని తలుచుకుంటే ముందు మొహం గుర్తు రాలేదు. సబ్బు ముక్క గుర్తొచ్చింది.

బట్టల సబ్బు అరిగి అరిగి చివరికి బిళ్ళలాగా మిగులుతుంది చూడండి, అలాంటిది ఒకటి ఎప్పుడూ ఆయన చొక్కా జేబులో ఉండేది. కారు వచ్చిందంటే బానెట్ ఎత్తి చూసేవాడు, వినేవాడు, చేతులు తుడుచుకునేవాడు. తర్వాత ఆ సబ్బు ముక్క తీసి కారు ముందు అద్దం మీద, డ్రైవరు వైపు, రేటు రాసేవాడు. గుసగుసగా కాదు, రోడ్డు మీద సైకిల్లో పోయేవాడు కూడా చదువుకునేంత పెద్ద అంకెలు. రాసి, పక్కన మేకుకి వేలాడే తడిగుడ్డ చూపించేవాడు.

"ఒప్పుకుంటే తాళమియ్యండి. లేదంటే తుడిచేసి పొండి. గుడ్డ ఆడుండాది."

బేరం లేదు. ఒకసారి రాశాక మాటా లేదు. పని మధ్యలో ఇంకో పాడు బయటపడినా రాసిన అంకె మారేది కాదు. అలా అయితే మీకు నష్టం కదా అని ఒకసారి అడిగాను.

"చూసుకోకుండా రాసింది నా తప్పు గదమా," అన్నాడు. "నోటితో చెప్పింది గాలికి పోతాది. నాలుగు దినాలకి నేనొకటి అన్యానంటాను, మీరింకోటి ఇన్యామంటారు. అద్దం మీదుంటే ఇద్దరం చదువుకోవచ్చు."

నేను ఉదయగిరి హైస్కూల్లో లెక్కల టీచర్ని. అంకెలు అందరూ చూసేటట్టు రాయడం అనేది నాకు నచ్చకపోతే ఇంకెవరికి నచ్చుతుంది? ఆయన దగ్గరికి నేను వెళ్ళిన మొదటిసారి ఇంకా బాగా నచ్చింది. అప్పుడే సెకండ్ హ్యాండులో డీజిల్ కారు కొన్నాను. మా ఆయన బస్సు కండక్టరు, ఆయన లెక్కలో కారు అంటే బస్సుకి పట్టిన దరిద్రం. "బస్సుండగా ఇదెందుకు మనకి" అని ఈనాటికీ అంటాడు. అందుకని కారు బాగోగులు నావే. కొన్న వారానికి ముందు భాగంలో ఏదో గలగలమని చప్పుడు. ఇంజనే ఊడిపోతోందేమో అని గుండె చేతిలో పెట్టుకుని ఆత్మకూరు వెళ్ళాను.

ఆయన పది నిమిషాలు విన్నాడు. గాలి వచ్చే జాలీలోకి రెండు వేళ్ళు పెట్టి ఒక చింతగింజ తీసి నా చేతిలో పెట్టాడు. తర్వాత ఎంతో గంభీరంగా సబ్బు ముక్క తీసి అద్దం మీద పెద్ద సున్నా చుట్టాడు.

"సున్నా కూడా రాస్తారా?" అన్నాను నవ్వాపుకోలేక.

"సున్నా కూడా రేటే గదమా. తుడవబాకండి, ఊరి దాకా అట్టే పోనీండి."

ఆ సున్నాతోనే ఉదయగిరి వచ్చాను. కొండ కింద మలుపు తిరిగినప్పుడు ఎండ దాని మీద పడి మెరిసింది. ఇంటికొచ్చి మా ఆయనకి చూపిస్తే, "మార్కులా?" అన్నాడు.

ఇంకో అలవాటు ఉండేది ఆయనకి. కారులోంచి పీకేసిన పాత సామాను ఏదైనా సరే, కాగితంలో చుట్టి కారు గలాయన చేతికి ఇచ్చేవాడు. నాకెందుకయ్యా ఈ చెత్త అన్నా వినడు. "శవం చూడందే చావు నమ్మబాకండి," అనేవాడు. "మార్చినాను అంటే మార్చినట్టా? పాతది యాడుండాది అని అడగాల. అడగనోణ్ణి నేనే మోసం చెయ్యొచ్చు." మా ఇంట్లో స్టోరు గది అలమరలో ఆయన ఇచ్చిన శవాలు మూడు ఇప్పటికీ ఉన్నాయి.

ఇంజను వినడానికి ఆయన వాడేది మా ఊరి గరిటె. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే ఇళ్ళు ఉన్నాయి కదా, అక్కడ చేసిన పొడుగు కాడ గరిటె. గుంట ఉన్న వైపు ఇంజనుకి ఆనించి, కాడ కొస చెవిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. చారు ఉప్పు చూసేవాడిలాగా ఉండేది వాలకం. మిగతా మెకానిక్కులు స్క్రూడ్రైవరుతో వింటారు కదా అంటే, "ఇనుము చెవిలో అరస్తాది. చెక్కయితే నిదానంగా చెప్తాది," అన్నాడు. ఆ చెవిలో ఎప్పుడూ కొంచెం రంపపు పొట్టు రంగులో ఏదో అంటుకుని ఉండేది.

ఆదివారం షెడ్డు మూత. తెల్ల చొక్కా వేసుకుని చర్చికి పోయేవాడు. మేమూ బాప్టిస్టులమే, ఒకసారి క్రిస్మస్ ముందు ఆత్మకూరులో మా చుట్టాల చర్చిలో ఆయన్ని చూశాను. చందా సంచి పట్టుకుని వరసల మధ్య నడుస్తున్నాడు. వేళ్ళ గోళ్ళల్లో మాత్రం నలుపు అలాగే ఉంది. అది ఏ సబ్బుకీ పోయేది కాదు.

ఇంత ఎరిగి ఉండి చేశాను నేను ఆ పని. ఎరగక చేసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

ఆ రోజు ఆయిలు మార్చడానికి వెళ్ళాను. ఆయన మీటరు చూశాడు. "తొంభై వేలు దాటినాది. టైమింగ్ బెల్టు మార్చినట్టు లేదే," అని పక్కన చిన్న మూత విప్పి నన్ను దగ్గరికి పిలిచి చూపించాడు. లోపల పళ్ళున్న నల్ల బెల్టు ఒకటి, మీద సన్నటి పగుళ్ళు.

"ఇంజన్లో కింద తిరిగేటివుండాయి, పైన ఆడేటివుండాయి. రెండింటికీ తాళం కలిపేది ఇదే. భజనలో తాళం తప్పితే నవ్విపోతారు, ఈడ తప్పితే ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. ఇది తెగినాక బెల్టు ఖర్చు కాదు మా, ఇంజన్ ఖర్చు."

అద్దం మీద 8500 అని రాశాడు. బెల్టు, దాన్ని బిగించి పట్టే రెండు బేరింగులు, నీళ్ళ పంపు, కూలి, అన్నీ అందులోనే అన్నాడు.

ఎనిమిదిన్నర వేలు! నాకు బేరం ఆడకపోతే అన్నం సయించదు. టమాటాలు కొన్నా, పట్టుచీర కొన్నా, చెప్పిన దాంట్లో మూడో వంతు కోస్తేగాని నా మనసు కుదుటపడదు. మా చెల్లెళ్ళు షాపింగుకి నన్ను తీసుకుపోయేదే అందుకు. పక్కకి వెళ్ళి వింజమూరులో ఎరువుల కొట్టు పెట్టుకున్న మా తమ్ముడికి ఫోన్ చేశాను. వాడికి ట్రాక్టరు ఉంది, పాత జీపు ఉంది, బండ్ల సంగతి తెలుసు.

"ఒరే, బెల్టు మార్చడానికి ఎంతవుతుందిరా?"

"బెల్టా? ఐదొందలు. ఏందక్కా?"

"ఈయన ఎనిమిదిన్నర వేలంటున్నాడు."

"నిన్ను నిలువునా ముంచేస్తుండాడు. ఆడ ఇయ్యబాక. ఈడికి తీసుకురా, మనోడు ఉండాడు."

పరీక్షలో పిల్లలు జవాబు రాసి పక్కన మీటర్లో సెంటీమీటర్లో రాయకపోతే నేను అర మార్కు కోస్తాను. ఉత్త అంకెకి అర్థం లేదర్రా అని ఇరవై ఏళ్ళుగా గొంతు చించుకుంటున్నాను. ఆ రోజు ఫోన్లో నేను ‘బెల్టు’ అన్నాను. ఏ బెల్టో చెప్పలేదు. ముందు రేడియేటరు పక్కన తిరిగే ఫ్యాన్ బెల్టు ఒకటి ఉంటుందనీ, వాడు చెప్పిన ఐదొందలు దానికనీ నాకు తట్టలేదు.

తిరిగి షెడ్డులోకి వచ్చేసరికి జనం ఉన్నారు. జీపుల డ్రైవర్లు, పెళ్ళి కారు కడిగించుకుంటున్నవాళ్ళు, టీ తాగడానికి నిలబడ్డవాళ్ళు. జనం ఉంటే నా గొంతు పెరుగుతుంది. అది టీచరు జబ్బు.

"ఐదొందల బెల్టుకి ఎనిమిదిన్నర వేలా మేస్త్రీ? మేం కొండ కింద ఉంటాంగానీ కొండెర్రి వాళ్ళం కాదు. దొంగతనం చేసేవాళ్ళు కూడా ఇంత పెద్ద అక్షరాలతో రాసి చెయ్యరు!"

ఎవరో నవ్వారు. ఆయన నా మొహంలోకి చూశాడు.

"ఆ బెల్టు వేరు, ఈ బెల్టు వేరు మా."

"బెల్టు బెల్టే," అన్నాను. మేకుకున్న తడిగుడ్డ లాగి అద్దం మీద అంకె తుడిచేశాను. తుడిస్తే పోలేదు, తెల్లగా అలుముకుంది. ఇంకోసారి రుద్దాను.

"తుడిచినారు గదా," అన్నాడు. "ఇంక నేను మాట్లాడకూడదు." బానెట్ వేసి, నేను కారు స్టార్ట్ చేశాక మాత్రం కిటికీ దగ్గరికి వచ్చాడు. "స్పీడు పోబాకండి. కొండ దోవలో అసలే పోబాకండి."

బెదిరిస్తున్నాడనుకున్నాను.

వింజమూరులో మా తమ్ముడి మనిషి దగ్గర, "బెల్టు మార్చు" అన్నాను. మార్చాడు. నాలుగొందల ఎనభై తీసుకున్నాడు. పాతది ఇవ్వలేదు, నేను అడగలేదు. ఎనిమిది వేల ఇరవై మిగిలింది కదా అని ఆ సాయంత్రం ఇంటికి జిలేబీ తీసుకుపోయాను.

ఇంక నా నోటికి పండగ. స్టాఫ్ రూములో చెప్పాను. చర్చి స్త్రీల సమాజంలో ప్రార్థన అయ్యాక టీ తాగుతూ చెప్పాను. ఊరికే చెప్పడం కాదు, గరిటె చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకునే వాలకంతో సహా చేసి చూపించాను. నాకు మనుషుల్ని అనుకరించడం వచ్చు, అది వచ్చినందుకు నాకు గర్వం కూడా ఉండేది. "ఎనిమిదిన్నర వేల బెల్టు మేస్త్రి" అన్నాను. పడీ పడీ నవ్వారు. రెండోసారికి అది కురచై ‘బెల్టు మేస్త్రి’ అయింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మరి ఇది దుత్తలూరు దాటలేదా, వింజమూరు దాటలేదా? నెల తిరిగేసరికి మా వైపు నుంచి ఆత్మకూరుకి కారు తీసుకుపోయేవాళ్ళు లేరు. టీచరమ్మ చెప్పింది కదా మరి.

ఆ పేరు ప్రయాణంలో ఇంకో అర్థం మోసుకుంది. మన దగ్గర బెల్టు అంటే జనానికి ముందు గుర్తొచ్చేది కారు కాదు. ఊళ్ళో దొంగచాటుగా మందమ్మే బెల్టు షాపు. కథ తెలియనివాళ్ళకి బెల్టు మేస్త్రి అంటే పగలు షెడ్డు, చాటున సీసాలు. ఈ అర్థం నేను పెట్టలేదు. కానీ తలుపు తీసింది నేనే.

ఏడు నెలల తర్వాత మా అత్తమ్మని కంటి డాక్టరుకి చూపించడానికి నెల్లూరు తీసుకుపోతున్నాను. ఆత్మకూరు ఇంకా పది కిలోమీటర్లుందనగా టక్‌మని ఒక చప్పుడు. ఇంజను ఆగిపోయింది. తాళం తిప్పితే లోపల ఏదో ఉత్తినే గిర్రున తిరుగుతోంది గాని పట్టుకోవడం లేదు. తుమ్మచెట్టు చారెడు నీడలో అత్తమ్మని కూర్చోబెట్టి గంటన్నర నిలబడితే, ఒక ట్రాక్టరాయన జాలిపడి తాడు కట్టాడు. "యాడికి లాగాల మా?" అన్నాడు. ఆత్మకూరులో నాకు తెలిసిన షెడ్డు ఒక్కటే.

ఆయన నన్ను చూశాడు. ముందు అత్తమ్మకి కుర్చీ వేసి మజ్జిగ తెప్పించాడు. తర్వాత తాళం తిప్పమన్నాడు. గరిటె కూడా తీయలేదు, ఉత్త చెవితోనే తెలిసిపోయింది.

"శవం చూస్తారా?"

మూత విప్పి లోపలి నుంచి తీసి నా రెండు అరచేతుల్లో పెట్టాడు. పళ్ళూడిపోయిన బెల్టు. కారు పుట్టినప్పుడు వేసిందే. కంపెనీ అక్షరాలు సగం చెరిగి ఇంకా కనిపిస్తున్నాయి. నా చేతులు నల్లగా అయ్యాయి. తర్వాత ముందు పక్కన కొత్తగా మెరుస్తున్న ఇంకో బెల్టు చూపించాడు.

"వింజమూరులో మార్చింది ఇది. బాగానే మార్చినాడు. మీరు అడిగిందే ఇచ్చినాడు, ఆయన్నేమీ అనబాకండి."

అంటే మోసం చేసినవాళ్ళు ఎవరూ లేరు. మా తమ్ముడు అడిగినదానికి జవాబు చెప్పాడు. వింజమూరాయన అడిగిన పని చేశాడు. ఈయన ఉన్నమాట రాశాడు. మిగిలింది నేనొక్కదాన్ని.

అద్దం మీద రెండు అంకెలు రాశాడు. పైన 8500. ఏడు నెలల కిందటి రేటే, రూపాయి పెంచలేదు. దాని కింద 34000, లోపల వంగిపోయిన వాటికి. మొత్తం వెయ్యలేదు. "కూడిక మీరే చేసుకోండి," అన్నాడు. నేను తాళం ఆయన చేతిలో పెట్టాను. జీవితంలో నేను బేరమాడకుండా ఇచ్చిన మొదటి డబ్బు అది.

"నాదే తప్పు మేస్త్రీ. అప్పుడు నోరు జారాను. మనసులో పెట్టుకోకండి," అన్నాను. నిజంగానే అన్నాను, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి.

ఆయన చేతులు తుడుచుకుంటూ చుట్టూ చూశాడు. షెడ్డులో ఇంకెవరూ లేరు. అత్తమ్మ కునికిపాట్లు పడుతోంది.

"మీరు నన్ను దొంగ అనింది ముప్పై మంది ముందర. తప్పు అంటుండేది నా ఒక్కడి ముందర. లెక్కల టీచరుగదా మా, మీరే చూసుకోండి సరిపోయిందేమో."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అని తప్పించుకుని ఉండేదాన్ని.

ఊరికొచ్చాక చెప్పాను. చెప్పలేదనడానికి లేదు. స్త్రీల సమాజంలో నిలబడి, "ఆ మేస్త్రి తప్పేం లేదు, నేనే పొరపాటు పడ్డాను, చివరికి కారు పాడైతే ఆయనే బాగుచేశాడు," అన్నాను. ఎంత తీసుకున్నాడు అని అడిగారు. నలభై రెండున్నర వేలు అన్నాను. "చూసినారా! ఐదొందల బెల్టుకి నలభై రెండున్నర వేలు గుంజినాడు. పైగా టీచరమ్మ చేతనే మంచోడు అనిపించుకుంటుండాడు," అన్నారు. మళ్ళీ అదే నవ్వు. కథకి కొత్త తోక మొలిచింది. స్టాఫ్ రూములో కూడా ఇంచుమించు ఇదే జరిగింది. మొదటి కథ ఇరవైసార్లు చెప్పినదాన్ని, రెండో కథ రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను. అందులో అనుకరణ లేదు, నవ్వు లేదు, చెప్పాలంటే నాకే ఉత్సాహం ఉండేది కాదు. కాలు జారితే తీసుకోవచ్చుగానీ నోరు జారితే తీసుకోలేమని సామెత చెప్పుకుని సర్దుకున్నాను. సామెతలు ఇలాంటి సర్దుబాట్లకి బాగా పనికొస్తాయి.

మరుసటి ఏడు సర్వీసింగుకి వెళ్తూ ఆయన కోసం మా ఊళ్ళో కొత్త గరిటె కొన్నాను. పాతది కాడ దగ్గర చీలి వైరు చుట్టి ఉంది. కాళ్ళు మొక్కలేని వాళ్ళం ఇలాంటివి ఏవో ఇస్తాం. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, చెవిలో పెట్టుకుని, నడుస్తున్న ఇంజను మీద ఆనించి, "మంచి చెక్క," అన్నాడు. "ఎంత?"

"డబ్బు వద్దు మేస్త్రీ."

"రేటు లేని సామాను నేను తీసుకోను. ఎంత?"

"యాభై."

"ఆయన ఎంత చెప్పినాడు?"

అబద్ధం ఆడదామనుకున్నాను. ఆ కళ్ళ ముందు రాలేదు. "ఎనభై," అన్నాను.

జేబులోంచి ఎనభై తీసి ఇచ్చాడు. "ముప్పై ఆ చెక్కేటాయనకి ఇచ్చేయండి. నేను పంపించినానని చెప్పబాకండి. మీరే ఇచ్చినట్టు ఇయ్యండి."

ఇచ్చాను. గరిటెలాయన ఆ ముప్పై చేతిలో పట్టుకుని, ఎందుకో అర్థంకాక, నన్ను అనుమానంగా చూశాడు.

కలిగిరిలో ఆ అరగంటా గడిచి ఆత్మకూరు బస్సు వచ్చి, ఆత్మకూరులో దిగి, అడుగుతూ వాళ్ళ వీధికి చేరేసరికి పదకొండు దాటింది. "మేస్త్రి ఇల్లెక్కడ" అంటే ముగ్గురు తెలియదన్నారు. నాలుగో ఆయనే "బెల్టు మేస్త్రా?" అని దారి చూపించాడు. షామియానా కింద పెట్టె, తెల్లటి గుడ్డ. మొహం నిద్రపోయినట్టుంది. చేతులు ఛాతీ మీద కలిపి పెట్టారు. గోళ్ళల్లో నలుపు పోలేదు. ఎవరు కడిగారో, ఎంత రుద్దారో.

ఆయన భార్య పక్కన చాప మీద కూర్చున్నాను. ఎక్కడినుంచి అని అడిగింది. ఉదయగిరి టీచరమ్మని అన్నాను.

"సున్నా కారు టీచరమ్మా?" అంది ఆవిడ ఏడుస్తూనే. "చింతగింజ కథ చెప్పి నవ్వేవాడు మా. అంత చదువుకున్నావిడ సున్నా చూసి చిన్నపిల్లలాగా నవ్వింది, తుడవకుండానే పోయింది అనేవాడు."

ఇంకేమీ చెప్పలేదంట. తర్వాత నేను తుడిచిన అంకె సంగతి, నేను అన్న మాట సంగతి, ఇంట్లో ఒక్కనాడూ చెప్పలేదంట.

"ఎవరు పెట్టినారో గాని మా, ఆ పాడు పేరొకటి వచ్చి పడినాది," అంది మళ్ళీ తనే. "కడాకి చర్చిలో కూడా, బెల్టు షాపు పెట్టినావంట గదా అని ఒకాయన అందరి ముందర అడిగినాడు. కాదు అన్యాడు, అంతే. ఆ మరుసటి ఆదివారం నించి చందా సంచి పట్టుకోలేదు. నా చేతులు నల్లగా ఉండాయి, ఇంకెవురన్నా పట్టుకోండి అన్యాడు. ఆ మీదట నాలుగేళ్ళు వెనక బెంచీలోనే కూర్చున్యాడు."

షామియానా గుంజకి ఫ్లెక్సీ కట్టి ఉంది. ఆయన తెల్ల చొక్కా ఫొటో, పైన చిన్న అక్షరాలతో పేరు. కింద పెద్ద అక్షరాలతో, దూరం నుంచి కూడా కనపడేటట్టు, ‘బెల్టు మేస్త్రి’ అని ఉంది. నేను దాన్నే చూడడం ఆవిడ గమనించింది.

"పేరు ఒకటే ఏస్తే ఎవరికి తెలుస్తాది మా? వచ్చేవాళ్ళు దోవ తెలీక తిరగతారని పిల్లలు అది కూడా ఏపిచ్చినారు," అంది.

అది సబ్బుతో రాసింది కాదు.

పాస్టరుగారు వచ్చారు. పాట అయింది, వాక్యం అయింది. పెట్టె ఎత్తేముందు, "ఈయన గురించి ఎవరైనా రెండు మాటలు సాక్ష్యం చెప్తారా?" అని అడిగారు. జనం ఒకరినొకరు చూసుకున్నారు. నేను లెక్క పెట్టాను. అలవాటు. షామియానా కింద యాభై మంది పైనే ఉన్నారు. జీపుల డ్రైవర్లు ఉన్నారు, చర్చివాళ్ళు ఉన్నారు, మా వైపువాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురు కనిపించారు.

లేచి నిలబడ్డాను. ఇరవై ఏళ్ళుగా తరగతి గదుల్లో మోగిన గొంతు పీలగా వచ్చింది.

"నేను ఉదయగిరి నుంచి వచ్చాను. ఇక్కడున్న..." అన్నాను.

తర్వాత పేరు చెప్పాలి. ఆయన పేరు నాకు తెలియదు. ఇన్నేళ్ళు ఆయన చేత పని చేయించుకున్నాను, శవాలు ఇంటికి తెచ్చుకున్నాను, నలుగురిలో పరువు తీశాను, క్షమించమన్నాను. పేరు అడగలేదు. ఫ్లెక్సీ వైపు తిరిగాను. అక్షరాలు చిన్నవి, కళ్ళద్దాలు సంచిలో ఉన్నాయి. సంచి చాప మీద ఉంది. వంగి తీసుకుని తడుముతుంటే అందరూ నాకేసి చూస్తూ ఎదురుచూస్తున్నారు. వెనక నుంచి ఎవరో పాపం సాయం చేద్దామని మెల్లగా అందించారు.

"బెల్టు మేస్త్రి అనండి మేడం. అందరికీ తెలుస్తాది."

"ఆ పేరు గురించే చెప్పడానికి లేచాను," అన్నాను.